ఆటుపోట్ల నడుమ సముద్రగడ్డి మైదానాలు: క్షయం, పునరుద్ధరణ – వాడెన్ సముద్రం ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సముద్రగడ్డి మైదానం తన మనుగడకు అవసరమైన పరిస్థితులను చాలావరకు తానే కల్పించుకుంటుంది. అందువల్ల అది ఒకసారి నశిస్తే, నాశనానికి కారణమైన అంశం తొలగినా తిరిగి మొలవకపోవచ్చు. డచ్ వాడెన్ సముద్రతీరంలో జరిగిన పునరుద్ధరణ ప్రయత్నాల ఆధారంగా, మొక్క జీవచక్రంలో ఏ దశ తెగిపోయిందో గుర్తించడమే పునరుద్ధరణకు తొలిమెట్టు అని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సముద్రగడ్డి, ఆటుపోట్లు, వాడెన్ సముద్రం, జోస్టెరా, విత్తనాలు, పునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం:
సముద్రగడ్డి నాచు కాదు. నాచుకు నిజమైన వేరు గాని పువ్వు గాని ఉండదు. సముద్రగడ్డి మాత్రం నేలమీది మొక్కల వలె వేరు, కొమ్ము, ఆకు, పువ్వు, విత్తనం గల ఆవృతబీజం. నేలమీది పూర్వీకుల నుండి పరిణమించి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిన మొక్కల సముదాయమిది. ప్రపంచంలో దీనికి సుమారు 70 జాతులున్నాయి. వీటిలో కొన్ని పోటు సమయంలో మునిగి, ఆటు సమయంలో బయటపడే బురదనేలల్లో పెరుగుతాయి. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట సుమారు 500 కిలోమీటర్లు వ్యాపించిన వాడెన్ సముద్రం ఇటువంటి నేలలకు ప్రసిద్ధం. డచ్, జర్మన్ భాగాలకు 2009లోనూ, డెన్మార్క్ భాగానికి 2014లోనూ యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

2. ఆవరణ స్వభావం:
ఈ నేలపై మొక్క రోజుకు రెండుసార్లు రెండు లోకాలలో బతకాలి. నీరు దిగినప్పుడు ఎండ, గాలి, చలి దానిని ఎండగడతాయి. నీరు ఎక్కినప్పుడు అలలు పెకలించజూస్తాయి, మట్టినీరు వెలుతురును అడ్డుకుంటుంది. వేళ్ళు దిగిన బురదలో ప్రాణవాయువు దాదాపుగా ఉండదు. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొక్కకు విషం. ఆకులు తయారుచేసుకున్న ప్రాణవాయువును లోపలి గాలిగొట్టాల ద్వారా వేళ్ళకు పంపి మొక్క ఆ విషాన్ని నిలువరిస్తుంది. వెలుతురు తగ్గితే ఈ రక్షణ కూడా తగ్గుతుంది.

వాడెన్ ఆటుపోటు నేలల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. సన్నని ఆకుల జోస్టెరా నోల్టీ బహువార్షికం. కొమ్ముల ద్వారా ఏటేటా చిగురిస్తుంది. జోస్టెరా మెరీనా ఈ నేలల్లో చాలావరకు ఏకవార్షికంగా ప్రవర్తిస్తుంది. శీతకాలానికి మొక్క చనిపోతుంది. మరుసటి వసంతంలో మైదానం మళ్ళీ కనిపించాలంటే బురదలో నిలిచిన విత్తనాలే దిక్కు.

3. పరస్పరాధార చక్రం:
దట్టమైన గడ్డి నీటివేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గిన నీటిలో మట్టి అడుగుకు చేరుతుంది. నీరు తేటపడి వెలుతురు లోపలికి దిగుతుంది. గడ్డి ఇంకా దట్టమవుతుంది. గడ్డిని ఆశ్రయించిన చిన్న నత్తలు ఆకులపై పేరుకునే శైవలాలను మేసి, ఆకుకు వెలుతురు తగిలేలా చేస్తాయి. గడ్డి పోతే ఇదే చక్రం తిరగబడుతుంది: నేల కదులుతుంది, నీరు మురికిబారుతుంది, మొలక నిలవదు. లగ్‌వార్మ్ అనే ఇసుకపురుగు నేలను నిరంతరం తిరగవేస్తూ విత్తనాలను మొలవలేనంత లోతుకు పూడ్చివేస్తుంది.

4. వాడెన్ సముద్రంలో క్షయం:
డచ్ తీరవాసులకు సముద్రగడ్డి జీవనాధారం కూడా. ఎండబెట్టిన గడ్డిని సముద్రపు కట్టల నిర్మాణంలోనూ, పరుపులు నింపడానికీ వాడేవారు. వీరింగన్ ప్రాంతంలో గడ్డి కోయడం ఒక వృత్తిగా ఉండేది. 1930ల ఆరంభంలో అట్లాంటిక్ ఇరు తీరాలలో జోస్టెరా మెరీనాకు క్షయరోగం సోకింది. లాబిరింథులా అనే సూక్ష్మజీవిని దీనికి కారకంగా గుర్తించారు. అదే కాలంలో, 1932లో, 32 కిలోమీటర్ల అఫ్స్‌లాయిట్‌డైక్ కట్ట పూర్తయి సముద్రపు పాయను మూసివేసింది. నీటి ప్రవాహాలూ ఆటుపోట్ల ఎత్తూ మారాయి. ఎప్పుడూ నీటమునిగి ఉండే పెద్ద మైదానాలు నశించాయి. రోగం ఉధృతి తగ్గాక కూడా అవి తిరిగి రాలేదు.

ఆటుపోటు నేలల్లోని గడ్డి మరికొంతకాలం నిలిచింది. నదుల ద్వారా వచ్చిన నత్రజని, భాస్వరం పెరిగిన 1960–70 దశకాల్లో అదీ క్షీణించింది. ఆ తర్వాత పోషకాల రాక తగ్గడంతో జర్మనీలోని ఉత్తర ఫ్రిసియా తీరంలో, ముఖ్యంగా జోస్టెరా నోల్టీ, తనంతట తానే విస్తరించింది. డచ్ తీరంలో అటువంటి విస్తృత పునరాగమనం కనిపించలేదు. దాతమొక్కలు చాలినన్ని లేనిచోట నీరు బాగుపడినంత మాత్రాన విత్తనం రాదు.

5. పునరుద్ధరణ – విత్తనం చుట్టూ:
మొదటి ప్రయత్నాలు మొక్కలు నాటడంతో సాగాయి. తర్వాత, పూలకాడలను వలసంచుల్లో పెట్టి తేలే బోయాలకు కట్టి, పండిన విత్తనాలు తామే రాలేలా చేశారు. రాలిన విత్తనాల్లో అధికభాగం శీతకాలపు అలలకు కొట్టుకుపోయింది. అంటే లోపం మొలక పెరుగుదలలో మాత్రమే కాదు, విత్తనం నేలలో నిలవడంలో ఉంది.

పరిశోధకులు విత్తనాలను పరీక్షించినప్పుడు రెండవ ఆటంకం బయటపడింది. బంగాళాదుంప మాడు తెగులుకు కారణమైన ఫైటాఫ్తోరా ప్రజాతికే చెందిన మరో జాతి వాటికి సోకి మొలకశాతాన్ని తగ్గిస్తోంది. రాగి సల్ఫేటు కలిపిన నీటిలో నిల్వ ఉంచడం ద్వారా ఈ సోకును తగ్గించవచ్చని తేలింది. తదనంతరం గ్రీండ్ ద్వీపం వద్ద జర్మన్ మైదానాల నుండి సేకరించిన విత్తనాలను శీతకాలమంతా భద్రపరచి, వసంతంలో బురదతో కలిపి, భవనాల సందులు పూడ్చే సీలెంట్ గన్ వంటి పరికరంతో కొద్ది లోతున నేలలోకి ఎక్కించారు. ఫలితం మునుపటి పద్ధతులకంటే ఎంతో మెరుగైంది. విత్తిన హద్దులు దాటి గడ్డి పాకింది.

పరిమాణం కూడా ముఖ్యమే. మారీకే వాన్ కాట్విక్, సహపరిశోధకులు 2016లో ప్రచురించిన విశ్లేషణలో ప్రపంచవ్యాప్తంగా 1,786 ప్రయోగాలను పరిశీలించగా సగటు మనుగడ 37 శాతమే. విస్తృతంగా నాటినచోట విజయావకాశం ఎక్కువ. చిన్న మడి అలను ఆపలేదు. చక్రం మళ్ళీ తిరగాలంటే ఒక కనీస దట్టం కావాలి.

6. ముగింపు:
భారతతీరంలో పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖ సముద్రగడ్డికి ముఖ్యస్థానాలు. ఆ గడ్డిపై ఆధారపడిన డుగాంగ్ కోసం తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల రక్షితప్రాంతాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సులోనూ హాలోఫిలా జాతులు ఉన్నాయి. పాక్ అఖాతంలోని మైదానాలలో అధికభాగం కొమ్ములతో వ్యాపించే బహువార్షికాలు. కాబట్టి అక్కడ కొమ్ముతో కూడిన పిలకలను చట్రాలకు కట్టి నాటే పద్ధతి సహజంగా పొసగుతుంది. విత్తనాన్ని బురదలో దాచే డచ్ పద్ధతిని యథాతథంగా తీసుకోవడం తగదు.

స్వీకరించదగినది పద్ధతి వెనుక ఉన్న ప్రశ్న: ఇక్కడ ఈ మొక్క జీవచక్రం ఏ దశలో తెగింది? నీటి మురికి, విత్తనాల కొరత, వలల రాపిడి – సమాధానం తీరానికొకటి. ఆ సమాధానం దొరకక ముందు నాటిన మొక్క తరచు కొట్టుకుపోతుంది. కనుక ఉన్న మైదానాన్ని కాపాడుకోవడమే అన్నింటికన్నా సులువైన పునరుద్ధరణ.