పర్మిషన్ వచ్చింది సరే, గుంత సంగతేంటి?

మన టెక్స్ట్‌బుక్కుల్లో బిల్డింగ్ అంటే పునాది మీద నిలబడి ఉండేది. కానీ హైదరాబాద్‌లో ఇవాళ కట్టే ఏ అపార్ట్‌మెంటైనా ముందు కొన్ని నెలలు ఒక సెల్లార్ గుంత మాత్రమే. మొన్న వేసవిలో ఆరు వారాలు ఒక సైట్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. అక్కడికి ఎవరొచ్చినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పర్మిషన్ వచ్చేసిందా?" వచ్చింది అనగానే అందరికీ నిశ్చింత. ఆ పర్మిషన్ దేనికి భరోసా ఇస్తుంది, దేనికి ఇవ్వదు అన్నదే ఈ వ్యాసం. సివిల్ వాళ్ల గోల మాకెందుకు అనుకోకండి. ఇల్లు కొనేది మీరూ, ఆ గుంత పక్క రోడ్డు మీద నడిచేది మీరూనూ.

పర్మిషన్ ఏం చూస్తుంది?

తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకునే ఇంటికి అసలు అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకైతే, యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి. అంతకంటే పెద్దవాటికి 21 రోజుల గడువు. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, మంచిదే. కానీ 'నేను రూల్స్ పాటిస్తాను' అని మనం రాసిచ్చిన మాట మీదే ఈ వేగం నడుస్తోంది.

పైగా ఆ డ్రాయింగుల్లో చూసేదంతా పూర్తయిన బిల్డింగే. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఎత్తు, పార్కింగ్, ఫైర్ ఇంజిన్ తిరగడానికి దారి. ప్లాన్‌లో సెల్లార్ ఒక శుభ్రమైన దీర్ఘచతురస్రం. సైట్‌లో అదే సెల్లార్ నిట్టనిలువుగా కోసిన మట్టిగోడ.

గుంతకీ రూల్స్ ఉన్నాయి

2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168, సెల్లార్‌ని స్థలం హద్దు నుంచి కనీసం 1.5 మీటర్లు లోపలికి కట్టమంటాయి. అదనంగా వేసే ప్రతి సెల్లార్‌కీ ఇంకో అర మీటరు వదలాలి. ఆ కాస్త జాగా చూసి 'పార్కింగ్ పోయింది' అని గొణిగేవాళ్లే ఎక్కువ. పక్కవాడి పునాదికీ మన గుంతకీ మధ్య మిగిలే మట్టి అదొక్కటే.

లెక్క వేసి చూద్దాం. గోడ మీద మట్టి ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతుంది కాబట్టి మొత్తం బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోతు రెట్టింపైతే బలం నాలుగింతలు. వాన పడి గోడ వెనక నీళ్లు నిండాయనుకోండి. 3 మీటర్ల నీళ్లు ప్రతి మీటరు పొడవు గోడనూ దాదాపు నాలుగున్నర టన్నుల బలంతో నెడతాయి. 6 మీటర్లయితే 18 టన్నులు. ఇది నీళ్ల వాటా మాత్రమే, మట్టిది వేరే. రిటైనింగ్ వాల్‌లో నీళ్లు బయటికి పోవడానికి వదిలే రంధ్రాలు మూసుకుపోతే జరిగేది ఇదే. వానాకాలం ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ చెప్పేదీ ఇందుకే.

ప్రభుత్వ పనుల టెండర్లలో సీపీడబ్ల్యూడీ సేఫ్టీ కోడ్ అని కొన్ని పేజీలు ఉంటాయి. దాంట్లో తవ్వకం గురించి ఉన్నవి నాలుగైదు వాక్యాలే. 1.5 మీటర్లు, అంతకు మించి లోతైన ట్రెంచ్ అయితే పక్కల్ని మెట్లుగానో వాలుగానో కోయాలి, లేదా దన్ను కట్టాలి. 1.2 మీటర్లు దాటితే ప్రతి 30 మీటర్ల పొడవుకి కనీసం ఒక నిచ్చెన ఉండాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. కింద నుంచి తొలిచి పైది కూలగొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

ఇవన్నీ ఎందుకంటే, ఒక క్యూబిక్ మీటరు మట్టి సుమారు 1.8 టన్నులు. ఛాతీ దాకా మట్టి కప్పేస్తే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. మా సైట్‌లో పర్మిషన్ ఫైల్ పక్కాగా ఉంది. అయినా నేను చేరిన మొదటి వారంలో మట్టి కుప్ప గుంత అంచుకి రెండడుగుల దూరంలోనే ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రీ గారు నన్ను వెనక్కి లాగి, "అంచు కాడ నిలబడకండి బాబూ, నిన్న లేని బీట ఈ రోజు ఉంది" అన్నారు. మనం సాయిల్ మెకానిక్స్‌లో టెన్షన్ క్రాక్ అని చదువుకున్నది అదే. ఆయన ఫార్ములా లేకుండానే పట్టేశారు.

హెల్మెట్ ఆపలేనివి

2024 మే 7న భారీ వర్షానికి బాచుపల్లిలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ కూలి, పక్కన రేకుల షెడ్లలో ఉన్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికి వచ్చిన కుటుంబాలు. వాళ్లలో నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు. 2016 డిసెంబర్ 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కుప్పకూలి 11 మంది పోయారు. ఎక్కువమంది విజయనగరం జిల్లావాళ్లు.

సేఫ్టీ అనగానే మనకి హెల్మెట్, బెల్టు, బూట్లు గుర్తొస్తాయి. అవి కావాల్సిందే. కానీ బాచుపల్లిలో పోయినవాళ్లు పనిలో లేరు, గూటికి చేరారు. అక్కడ హెల్మెట్ ఏం చేస్తుంది? లేబర్ షెడ్ ఎక్కడ వేయాలన్నది కూడా డిజైన్ నిర్ణయమే. గోడ పడితే ఎంత దూరం పడుతుందో తెలిసిన ఇంజినీరు దాని నీడన షెడ్ వేయనివ్వకూడదు.

సంతకానికి ఉన్న బలం

అనుమతి పత్రం వెనక షరతుల జాబితా ఉంటుంది. చాలామంది చదవరు. పని మొదలుపెట్టే ముందు నోటీసు ఇవ్వాలి. మంజూరైన ప్లాన్‌ని అందరికీ కనబడేలా సైట్‌లో పెట్టాలి. నిర్మాణ భద్రతకి యజమాని, బిల్డర్, ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్ బాధ్యులు. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇంకొకటి: ఇంజినీరో ఆర్కిటెక్టో ఆ పని నుంచి తప్పుకుంటే ఏడు రోజుల్లో అధికారులకి తెలపాలి, కొత్తవాళ్లు వచ్చేదాకా నిర్మాణం సాగకూడదు.

అంటే ఇంజినీరు 'నేను ఒప్పుకోను' అంటే అది అలక కాదు, చట్టప్రకారం పని ఆగే విషయం. మా సైట్ ఇంజినీర్ మేడమ్ ఒక వాన పడ్డ మర్నాడు తవ్వకం ఆపించారు. "జేసీబీ అద్దె ఎవరు కడతారు?" అని ఫోన్‌లో గట్టిగా కేకలు. ఆవిడ తిరిగి అరవలేదు. బీటల ఫొటోలు తీసి, తేదీ, టైము, కారణం రిజిస్టర్‌లో రాసి, కింద సంతకం పెట్టి, పేజీ ఫొటో వాట్సాప్ చేశారు. ఫోన్ మళ్లీ రాలేదు. రెండు రోజులు నీళ్లు తోడి, మట్టి కుప్పని వెనక్కి జరిపించాకే గుంతలోకి మనుషులు దిగారు.

రేపు మనలో చాలామందికి మొదటి ఉద్యోగం ఇలాంటి సైట్‌లోనే. చేరిన రోజున జీతంతో పాటు ఈ ఐదూ అడగండి: అనుమతి పత్రం షరతుల పేజీ ఎక్కడ? సాయిల్ రిపోర్ట్ ఏది? గుంత పక్కలకి దన్ను డిజైన్ ఎవరు చేశారు? నిచ్చెనలు ఎన్ని? రాత్రి పూట కూలీలు ఎక్కడ పడుకుంటారు?

చివరి ప్రశ్నకి జవాబు మాత్రం ఎవర్నీ అడక్కుండా, చీకటి పడ్డాక మీరే వెళ్లి చూడండి.