నిరుటి ధరను నమ్ముకుంటే నష్టమే

పత్తి, పసుపు నేర్పిన పాఠం షేర్లకూ వర్తిస్తుంది

కరీంనగర్, ఆదిలాబాద్: పత్తి ధర క్వింటాలు పదివేల రూపాయలు దాటిన 2022వ సంవత్సరాన్ని ఉత్తర తెలంగాణ రైతు మరచిపోలేదు. మరచిపోలేకనే మరుసటి సీజనులో చాలామంది నష్టపోయారు.

షేర్ల బజారులో కొత్తగా అడుగు పెడుతున్న చిన్న మదుపుదారులు ఈ అనుభవాన్ని ఒకసారి నెమరు వేసుకోవడం మంచిది. చేతిలో ఫోను, బ్యాంకులో ఖాతా ఉన్నవారికి నేడు ముంబయి ఎక్స్చేంజీలు ఎంతో దూరం కావు. సింగరేణి కార్మికుడు, బడిపంతులు, చిల్లర వర్తకుడు, పంట అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన రైతు, ఎవరైనా నిమిషాల్లో డీమ్యాట్ ఖాతా తెరవవచ్చును. ఖాతా తెరవడం సులభమైనంత మాత్రాన వ్యాపారం సులభం కాలేదు. సరుకు మారినా మనిషి చేసే పొరపాటు మారదు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోనే అందుకు మూడు దృష్టాంతాలు ఉన్నాయి.

పదివేల పత్తి

2021-22 సీజనులో ప్రపంచమంతటా దూదికి గిరాకీ పెరిగింది. న్యూయార్కు వాయిదా మార్కెట్టులో 2022 మే నెలలో పౌను దూది ధర 150 సెంట్లు దాటింది. మన దేశంలో 170 కిలోల బేలు వాయిదా ధర 50 వేల రూపాయల దరిదాపులకు ఎగబాకింది. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 6,025 రూపాయలు కాగా, ఉత్తర తెలంగాణ యార్డుల్లో పత్తి పదివేల పైన పలికింది. మిల్లుల ఒత్తిడిపై కేంద్రం 2022 ఏప్రిల్ 14 నుంచి దూదిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని కొంత కాలం ఎత్తివేసింది కూడా.

అయితే ఆ పదివేలు అందినది ఎందరికి? అప్పుల వాయిదాలు దగ్గర పడి, దీపావళి, సంక్రాంతుల మధ్యనే సరుకు తెగనమ్ముకున్న రైతులకు అందలేదు. చివరి దాకా నిలవ ఉంచగలిగిన కొద్దిమందికే అందింది. ఆ కొద్దిమంది లాభమే మరుసటి ఏడు ఊరందరికీ దారి చూపింది.

2022-23లో కొత్త పత్తి యార్డులకు వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. అక్టోబరు, నవంబరు నెలల్లో న్యూయార్కు ధర 80 సెంట్ల దిగువకు పడిపోయింది. నూలు మిల్లులకు గిరాకీ సన్నగిల్లింది. ఇక్కడ సీజను మొదట క్వింటాలు ఎనిమిది వేల దరిదాపుల్లో పలికింది. అది మద్దతు ధర 6,380 రూపాయల కంటె బాగా పైనే. అయినా రైతులు అమ్మలేదు. పదివేలు రాక మానదని పత్తిని ఇళ్లలో, కొట్టాల్లో నింపారు. వేసవి వచ్చేసరికి ధర ఏడు వేల ప్రాంతానికి జారింది.

ఇక్కడ నష్టాన్ని సరిగా లెక్క కట్టాలి. పదివేలకు, ఏడువేలకు మధ్య ఉన్న మూడువేలు నష్టం కాదు. ఆ పదివేలు ఆ ఏడు ఎవరూ ఇస్తామనలేదు. అసలు నష్టం చేతికి అందివచ్చిన ఎనిమిది వేలను కాదనుకోవడం. ఇరవై క్వింటాళ్లు ఉన్న రైతు ఎనిమిది వేలకు అమ్మితే లక్షా అరవై వేలు. ఏడు వేలకు అమ్మితే లక్షా నలభై వేలు. ఈలోగా లక్ష రూపాయల చేబదులుపై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ పడితే ఆరు నెలలకు మరి పన్నెండు వేలు. వెరసి ముప్ఫై రెండు వేల రూపాయలు చేజారినట్లే. తరుగు, పురుగు, దురద, నిప్పు భయం ఈ లెక్కలో చేరలేదు.

పసుపు ఎక్కిన మెట్లు

ఇంతకంటె పెద్ద దెబ్బ పసుపు రైతులు తిన్నారు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పసుపుకు నిజామాబాద్ మార్కెట్టే ప్రధానం. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు వాయిదా వ్యాపారానికీ నిజామాబాదే కేంద్రం. 2010 చివరకు పసుపు క్వింటాలు పదిహేను వేల రూపాయలు దాటింది. ఆ ధర చూసి తొమ్మిది నెలల పంటను మరింత విస్తీర్ణంలో వేశారు. విత్తనపు కొమ్ములు సైతం ప్రియమయ్యాయి. ఆ పంటంతా తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి బజారుకు తెచ్చేసరికి సరుకు వెల్లువెత్తింది. 2012 నాటికి ధర నాలుగు వేల ప్రాంతానికి కుంగిపోయింది.

పసుపుకు కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. పడుతున్న ధరను మధ్యలో ఆపే మెట్టు లేదు. ఏళ్ల తరబడి సాగిన ఈ బాధ ఎంతటిదంటే, 2019 ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. కోరుట్ల, జగిత్యాల శాసనసభా నియోజకవర్గాలు ఈ స్థానం పరిధిలోనివే. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో ప్రారంభమైంది.

నిలవ ఉంచడమే తప్పని దీని అర్థం కాదు. 2023లో సాగు తగ్గి, వర్షాలు అదను తప్పడంతో పసుపు కొద్ది నెలల్లోనే రెట్టింపుకు మించి పెరిగింది. అప్పుడు సరుకు ఉంచుకున్నవారు బాగుపడ్డారు. పత్తికి 2022-23లో లేనిది, పసుపుకు 2023లో ఉన్నది ఒకటే: ధర పెరగడానికి ఆ ఏటి కారణం. నిరుడు అంత పలికింది గనుక ఈ ఏడూ పలకాలన్నది కారణం కాదు, కోరిక మాత్రమే.

కాగజ్‌నగర్ మిల్లు, కాగితపు వాటా

షేర్ల విషయంలో ఇదే పొరపాటు మరింత ఖరీదైనది. ధర పడిపోయిన పత్తి పత్తిగానే ఉంటుంది, ఏదో ఒక ధరకు అమ్ముడుపోతుంది. ధర పడిపోయిన షేరు ఒక్కొక్కసారి ఏమీ కాకుండా పోగలదు.

నిజాం కాలంలో వెలసిన సిర్పూరు పేపరు మిల్లు పేరు మీదనే కాగజ్‌నగర్ పట్టణం ఏర్పడింది. కంపెనీ వాటాలు స్టాకు ఎక్స్చేంజీల్లో చేతులు మారేవి. మిల్లు చూస్తే పెద్దది, పాతది. గొట్టం నుంచి పొగ రావడం ఊరంతా చూస్తుంది. మనకు తెలిసిన కంపెనీ కదా అన్న ధీమా ఇటువంటి చోట సహజం. కాని అప్పులు, ముడి సరుకు, విద్యుత్తు ఖర్చులు గొట్టం పొగలో కనిపించవు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది. నాలుగేళ్లపాటు కార్మిక కుటుంబాలు కష్టాల పాలయ్యాయి. దివాలా చట్టం కింద సాగిన ప్రక్రియలో 2018లో జేకే పేపరు సంస్థ మిల్లును చేజిక్కించుకున్నది. యంత్రాలు మళ్లీ తిరిగాయి.

మిల్లు బతకడం వేరు, పాత వాటా బతకడం వేరు. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం చెల్లింపుల వరుసలో వాటాదారు అందరికంటె చివరివాడు. బ్యాంకులకే పూర్తి బాకీ దక్కని చోట వాటాదారుకు మిగిలేది తరచు శూన్యమే. పలు కేసుల్లో పాత వాటాలు పూర్తిగా రద్దయ్యాయి. మూతబడిన కంపెనీని ఎవరో కొంటున్నారన్న వార్త విని, ఒకప్పుడు వంద ఉండేది, ఇప్పుడు పదికే వస్తున్నదని వాటాలు కొనేవారు ఈ వరుసను గుర్తు పెట్టుకోవాలి.

లెక్క కూడా మదుపుదారుకు ఎదురే నడుస్తుంది. వంద రూపాయల షేరు యాభైకి పడితే నష్టం యాభై శాతం. అది తిరిగి వందకు చేరాలంటే యాభై శాతం పెరిగితే చాలదు, నూరు శాతం పెరగాలి. పదికి పడితే పది రెట్లు కావాలి.

వాయిదా బజారు వాత

సొంత డబ్బుతో కొన్న షేరు పడితే కనీసం ఎదురు చూడవచ్చును. వాయిదా వ్యాపారంలో ఆ వెసులుబాటు ఉండదు. ఉదాహరణకు పసుపు వాయిదా ఒప్పందం అయిదు టన్నులు, అంటే యాభై క్వింటాళ్లు. క్వింటాలు 14 వేలు అనుకుంటే ఒప్పందం విలువ ఏడు లక్షలు. మార్జిను పది శాతం అనుకుంటే కట్టవలసినది 70 వేలు మాత్రమే. ఏడు లక్షల సరుకు 70 వేలకు చేతిలోకి వచ్చినట్లు కనిపిస్తుంది. ధర క్వింటాలుకు వెయ్యి రూపాయలు తగ్గితే సరుకు ధర ఏడు శాతం తగ్గినట్లు. కాని కట్టిన 70 వేలలో 50 వేలు హరించుకుపోయినట్లు. ఏ రోజు నష్టం ఆ రోజే కట్టాలి. కట్టలేకపోతే బ్రోకరు ఒప్పందాన్ని తెగ్గొడతాడు. వారం తరువాత ధర తిరిగి పెరిగినా ప్రయోజనం ఉండదు.

షేర్ల వాయిదాలు, ఆప్షన్ల పరిస్థితి ఇంకా గడ్డు. సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో కోటి మందికి పైగా వ్యక్తులు ఈ వ్యాపారం చేయగా, వారిలో 93 శాతం మంది నష్టపోయారు. తలా సగటు నష్టం దాదాపు రెండు లక్షల రూపాయలు. మొత్తం 1.8 లక్షల కోట్లకు మించింది. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టాలే మిగిలాయి. ఏ రోజు కొన్న షేరు ఆ రోజే అమ్మేవారిలో సైతం పదిమందికి ఏడుగురు 2022-23లో నష్టపోయినట్లు సెబీ మరొక అధ్యయనంలో తేలింది. పదిమంది విత్తితే తొమ్మిదిమందికి మొలవని విత్తనాన్ని ఏ రైతూ కొనడు.

చేయదగినవి

అలాగని బజారుకు దూరంగా ఉండనక్కరలేదు. చిన్న మదుపుదారు తన హద్దులు తానే గీసుకుంటే చాలు.

మొదటిది, ఏ డబ్బు పెట్టాలన్నది. వానాకాలం విత్తనాలకు, పిల్లల ఫీజులకు, ఇంట్లో పెళ్లికి కావలసిన సొమ్ము షేర్లకు పనికిరాదు. అవసరం వచ్చిన రోజున ధర పడి ఉంటే అమ్మక తప్పదు. అప్పు తెచ్చి కొనడం అసలే కూడదు. కనీసం అయిదేళ్లు తాకనవసరం లేని సొమ్మునే వినియోగించాలి.

రెండవది, విడతలు. పత్తి అంతా ఒక్కరోజే అమ్మకుండా మూడు వంతులు చేసి, ఒక వంతు సీజను మొదట, ఒక వంతు నడుమ, ఒక వంతు చివర అమ్మితే అత్యధిక ధర రాకపోవచ్చును గాని అత్యల్ప ధరకూ అంతా పోదు. షేర్ల కొనుగోలుకూ ఇదే పద్ధతి. ప్రతి నెలా కొంత చొప్పున సూచీ ఫండులో వేస్తే యాభై కంపెనీల్లో డబ్బు పరచుకుంటుంది. ఒక కంపెనీ మునిగినా ఇల్లు మునగదు. పడిపోతున్న ఒక్క కంపెనీనే సగటు ధర తగ్గుతుందని మళ్లీ మళ్లీ కొనడం మాత్రం ఈ కోవలోకి రాదు.

మూడవది, సరుకు నిలవ. పసుపు వంటి నిలవ ఆగే సరుకును రిజిస్టరయిన గిడ్డంగిలో పెట్టి, రసీదు మీద బ్యాంకు అప్పు పొందే సౌకర్యం ఉన్నది. ప్రైవేటు వడ్డీకి తెచ్చి సరుకు ఆపడం కంటె ఇది మేలు. విడి పత్తికి ఇంట్లో నిలవ క్షేమం కాదు.

నాలుగవది, సలహా చెప్పేవాడు. ఫోనుకు సందేశాలు పంపి, రేపు ఫలానా షేరు రెట్టింపు అవుతుందనేవారు తాము ముందే కొని, ఇతరులకు అంటగట్టేవారు కావచ్చును. బ్రోకరు గాని, సలహాదారు గాని సెబీ వద్ద నమోదయ్యారో లేదో ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చును. షేర్లలో ఇంత లాభం ఖాయమని హామీ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. హామీ ఇచ్చినవాడు అక్కడే పట్టుబడినట్లు లెక్క. నమోదయిన సంస్థలపై ఫిర్యాదులకు సెబీ వారి స్కోర్స్ ఉన్నది. ఫోను మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పాలి.

అయిదవది, కొనేముందే ఒక చీటీపై రెండు ముక్కలు రాసుకోవడం. ఎందుకు కొంటున్నాము, ఏది జరిగితే అమ్ముతాము. రాసుకున్న కారణం చెడిన రోజున, లాభమైనా నష్టమైనా, బయటపడాలి.

ఒక్క ప్రశ్న

పత్తి బోరాల ముందు గాని, షేర్ల ధరల ముందు గాని కూర్చున్నవారు వేసుకోదగిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఈ సరుకు నా దగ్గర లేకుండా, దాని విలువకు సరిపడే డబ్బు నా చేతిలో ఉంటే, ఇవాళ ఇదే ధర పెట్టి దీనిని కొంటానా? కొంటాను అన్నప్పుడు ఉంచుకోవడంలో అర్థం ఉన్నది. కొనను అన్నప్పుడు ఉంచుకోవడం నిరుటి ధర కోసం కాపలా కాయడమే అవుతుంది. బజారుకు నిరుటి జ్ఞాపకాలు ఉండవు. యార్డుకు వచ్చిన ఖరీదుదారు నిరుడు ఎంత పలికిందని అడగడు, తేమ ఎంత ఉన్నదని అడుగుతాడు.