మీకు తెలుసా? ఒక్క సున్నా చాలు!

మంగళవారం హైదరాబాద్‌లోని కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి ముందు వరుస చూడండి. ఎన్ని ఆండ్రాయిడ్ ఫోన్లో! ప్రతి ఫోన్ లోపలా పనిచేసేది లినక్స్ కెర్నలే! మీరు వేసుకున్న ప్రతి యాప్‌కూ ఆండ్రాయిడ్ ఒక యూజర్ నంబర్ ఇస్తుంది. ఆ నంబర్లు 10000 నుంచి మొదలు!

మరి సర్వహక్కులూ ఉన్న 'రూట్' అనే యూజర్ నంబర్ ఎంతో ఊహించండి. 0! అవును, వట్టి సున్నా! కెర్నల్‌లో ఒక లొసుగు పట్టుకుని మామూలు యాప్ తన నంబర్‌ని సున్నా చేసుకుందా, ఇక ఫోనంతా దానిదే! పోర్షన్‌లో అద్దెకు దిగినవాడి చేతికి బిల్డింగ్ తాళాలన్నీ వచ్చినట్టే! దీని పేరు 'లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్'.

ఇలాంటి లొసుగు ఒకటి లినక్స్‌లో 9 ఏళ్లు దాక్కుంది! పేరు 'డర్టీ కౌ'. 2016లో ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడు తన సర్వర్ మీద జరిగిన దాడిని తవ్వుతుంటే బయటపడింది. అంటే, దొంగలకి ముందే తెలుసు! ఇంకో మాట వినండి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే దీన్ని సరిచేయబోయారు. అప్పుడు కుదరలేదు!

ఇంకో లొసుగు చూడండి. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో మరో ఫోల్డర్... అలా పది లక్షలు! మొత్తం దారి పొడవు 1 జీబీ దాటగానే కెర్నల్ లెక్క తప్పింది! 2021లో క్వాలిస్ సంస్థ బయటపెట్టిన 'సెకోయా' లొసుగు ఇదే. దాంతోనూ రూట్ దొరికిపోయింది!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'డర్టీ పైప్' కథ! లాగ్ ఫైల్ తెరుచుకోవడం లేదని ఒక కస్టమర్ ఫిర్యాదు చేశాడు. సాఫ్ట్‌వేర్ డెవలపర్ మాక్స్ కెల్లర్‌మాన్ చూశారు. ఫైలంతా బాగానే ఉంది. చివర 8 బైట్లు మాత్రం తేడా! సరిచేసి వదిలేశారు. మళ్లీ అదే ఫిర్యాదు! మళ్లీ! ఇక వదలకుండా వెంటపడ్డారు. చివరికి దొరికింది కెర్నల్ తప్పు! ఏ మామూలు యూజరైనా, చదవడానికే అనుమతి ఉన్న ఫైల్‌ని దిద్దేయగలిగేవాడు! అప్పటికి సరికొత్తదైన పిక్సెల్ ఫోన్‌లోనూ ఇది పనిచేసింది! ఆ ఎనిమిది బైట్లను తేలిగ్గా తీసుకుని ఉంటే?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో లినక్స్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకే! లినక్స్ కెర్నల్‌లో ఇలాంటి లొసుగు పట్టిచ్చినవాళ్లకి గూగుల్ 2022లో ప్రకటించిన గరిష్ఠ బహుమతి ఎంతో తెలుసా? 1,33,337 డాలర్లు! ఆ కెర్నల్ కోడ్ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు!