మిద్దెపై సౌరఫలకములు: మగ్గపు ఇండ్లవారు ముందుగా చూడవలసినవి

వేలూరు, గుడియాత్తము పట్టణములలో కొన్ని మిద్దెలపై నల్లని అద్దపు పలకలు కనబడుచున్నవి. ఇవి ఎండనుండి కరెంటు తీయు సౌరఫలకములు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ‘సూర్యఘర్’ పథకమును ప్రారంభించిన తరువాత వీటి మాట నేత వీధులకును వచ్చినది. అమ్మవచ్చువారు సబ్సిడీని గూర్చి చెప్పినంతగా మిద్దెను గూర్చి చెప్పరు. మనకో, మిద్దె క్రిందనే మగ్గము, మగ్గముమీద పడుగు ఉన్నవి.

ముందు కరెంటు బిల్లు తీసి చూడుడు. తమిళనాడులో చేనేత మగ్గమున్న ఇండ్లకు రెండు నెలలకు 300 యూనిట్లు ఉచితము. 2023కు ముందు ఇది 200 మాత్రమే. 300 అనగా దినమునకు 5 యూనిట్లు. ఒక కిలోవాటు ఫలకములు మన ఎండలో దినమునకు సగటున 4 యూనిట్లు ఇచ్చును. ఉచితముతోనే గడచిపోవు ఇంటివారు అప్పుచేసి ఫలకములు పెట్టుట ఊరక దొరకు బియ్యమునకు నగ కుదువపెట్టినట్లే యని నా అభిప్రాయము. బిల్లు నిజముగా బరువైన ఇండ్లకే ఇది లాభము. మరమగ్గముల కనెక్షనుకు ఈ సబ్సిడీ రాదు. ఇది ఇంటి కనెక్షనుకు మాత్రమే.

ఇక మిద్దె సంగతి. ఫలకము, దాని ఇనుప చట్రము కలిపి చదరపు మీటరుకు సుమారు 15 నుండి 20 కిలోలు తూగును. మనుష్యులు తిరుగు కాంక్రీటు మిద్దెకు భారత ప్రమాణముల ప్రకారము 150 కిలోల భారము లెక్క కట్టుదురు. కాబట్టి మంచి కాంక్రీటుకు ఈ బరువు పెద్ద సంగతి కాదు. కాని దూలములపై ఇటుక, సున్నముతో వేసిన పాత మద్రాసు టెర్రసు, పెంకుటిల్లు, సిమెంటు రేకులు అట్టివి కావు. దూలమునకు చెదలు పట్టినదేమో, కాంక్రీటు పెచ్చులూడి కమ్మి బయటపడినదేమో ఇంజనీరుచేత చూపించక పనికి ఒప్పుకొనరాదు.

బరువుకంటె గాలి పెద్ద శత్రువు. ఏటవాలుగానున్న ఫలకముక్రింద గాలి దూరినచో దానిని పైకెత్తును. 2016 డిసెంబరులో వర్దా తుపాను చెన్నైలో వేలకొలది చెట్లను కూల్చినది మనకు జ్ఞాపకమే. గంటకు 150 కిలోమీటర్ల గాలికి తట్టుకొను చట్రము కావలెను. జింకు పూసిన ఇనుముతో చేసినదైనచో త్రుప్పు పట్టదు. దానిని మిద్దెకు బోల్టులతో బిగింపవచ్చును, లేక కాంక్రీటు దిమ్మెలలో నిలుపవచ్చును. బోల్టుకు తూట్లు పొడిచినచోట సరిగా మూయనిచో మొదటి వానకే నీరు దిగును. ఆ నీరు పడునది పడుగుమీదనే. అందుచే దిమ్మెల పద్ధతియే నాకు నచ్చినది. అయితే దిమ్మెల బరువును కూడ ఇంజనీరు లెక్కలో చేర్చవలెను.

ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల చోటు పట్టును. అద్దకమైన నూలు చిలపలను మిద్దెమీద ఆరవేయువారు ఈ సంగతి మరువరాదు. చట్రమును ఎనిమిది అడుగుల ఎత్తున నిలిపి క్రింద నూలు ఆరవేసికొందమనినచో, గాలి తాకిడి హెచ్చును, నీడయు పడును. అట్టి ఎత్తు చట్రమునకు ఇంజనీరు లెక్క తప్పదు. అనుమతి సంగతి మున్సిపాలిటీలో ముందే అడుగుడు. మన ప్రాంతమునకు దక్షిణముఖముగా సుమారు 13 డిగ్రీల వాలు చాలును. పొరుగింటి నీటితొట్టి నీడ ఒక్క ఫలకముపై పడినను, దానితో వరుసగా కలిపిన తక్కినవాటి కరెంటును తగ్గించును.

మరియొక సంగతి. బ్యాటరీ లేని ఈ ఏర్పాటు, వీధి కరెంటు పోయినప్పుడు పగటివేళ ఎండ కాయుచున్నను ఆగిపోవును. లైనుమీద పనిచేయువాని ప్రాణరక్షణకై ఇట్లు చేసినారు. పిడుగువాహకము, ఎర్తింగు తప్పక ఉండవలెను.

సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, 78,000కు మించదు. ఫలకములు మన దేశమున చేసినవై ఉండవలెను. పథకమున నమోదైన వ్యాపారియే బిగింపవలెను. విద్యుత్ పంపిణీ సంస్థవారు పరీక్షించి, రెండువైపుల లెక్క చూపు మీటరు పెట్టిన పిమ్మటనే సబ్సిడీ బ్యాంకులో పడును. అంతవరకు డబ్బు మనమే సమకూర్చుకొనవలెను. అన్నదమ్ములు ఉమ్మడిగానున్న మిద్దె యైనచో అందరి సమ్మతి వ్రాతమూలకముగా తీసికొనుట మేలు. అయిదేండ్ల నిర్వహణ వ్యాపారిదే. బిగించినచోట నీరు కారినచో బాగుచేయు బాధ్యత ఎవరిదో కూడ, అడ్వాన్సు ఇచ్చుటకు ముందే ఆ ఒప్పందములో వ్రాయించుకొనుడు.