చమురు కంపెనీకి, విషం బావికి!

బావిలో చేద వేస్తే కిరసనాయిలు కంపు కొడితే ఆ నీళ్లు మనం తాగుతామా? ఆఫ్రికాలో, నైజీరియా దేశపు ఓగోనీ రైతులు, జాలర్లు వేరే దిక్కులేక తాగారు.

ఆ డెల్టాలో 1956లో చమురు పడింది. షెల్ కంపెనీ గొట్టాలు చేలమీదుగా, మడ అడవుల మీదుగా సాగాయి. గొట్టాలు చిల్లులుపడి చమురు కారింది. చేలు చచ్చాయి, చేపలు చచ్చాయి. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ పరీక్షిస్తే, ఓగాలే బావుల్లో బెంజీన్ ఉండదగిన హద్దుకు 900 రెట్లు పైగా తేలింది. బెంజీనంటే కేన్సర్ తెచ్చే విషం.

ఇదేమని అడిగినందుకు రచయిత కెన్ సారో-వివాను, మరో 8 మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. అయినా జనం తగ్గలేదు. బోడో గ్రామస్థులు లండన్ కోర్టుకెక్కారు. 2015లో షెల్ 5 కోట్ల 50 లక్షల పౌండ్లకు ఒప్పుకోక తప్పలేదు.

డబ్బిస్తే బావి బాగుపడుతుందా? ఆ నేల, నీరు కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఆ నివేదికే చెప్పింది. అందుకే మేమనేది ఒక్కటే: లాభం తిన్నవాడే బావి కడగాలి. అందాకా ఊరికి మంచినీళ్లు పోయించాలి. అది దానం కాదు, బాకీ!