మెక్ అంటే కొడుకు... మరి కూతురో?

మెకంజీ, మెక్‌డొనాల్డ్, మెక్‌లౌడ్... స్కాట్లండు వాళ్ళ పేర్ల ముందు ఆ ‘మెక్’ ఏమిటా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? వాళ్ళ గేలిక్ భాషలో ‘మాక్’ అంటే కొడుకు. మెక్‌లౌడ్ అంటే లియోడ్ కొడుకు. 13వ శతాబ్దంలో స్కాట్లండు పడమటి దీవుల్లో లియోడ్ అనే దొర ఉండేవాడట. ఆయన పేరు చెప్పుకునేవాళ్ళంతా ఒక ‘క్లాన్’. ఆ మాటకి పిల్లలు అని అర్థం. మరి కూతురైతే? గేలిక్‌లో ‘నిక్’ అంటారు. ఇంగ్లీషు రికార్డుల్లోకి ఎక్కేసరికి ఆ నిక్ కాస్తా ఎగిరిపోయి ఆడవాళ్ళు కూడా కొడుకులైపోయారు!

మావారి ఉద్యోగం పుణ్యమా అని మేం గ్లాస్గోలో ఉన్న రోజుల్లో, 2018 జులైలో, ఈ మెక్‌లౌడ్ల సభ చూసే అవకాశం నాకొచ్చింది. స్కై దీవిలోని డన్‌వేగన్‌లో సాధారణంగా నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. దానికి ‘పార్లమెంటు’ అని పేరు. నన్ను తీసుకెళ్ళినావిడ మావారితో పనిచేసే ఆయన భార్య. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో పుట్టింది. పుట్టింటివారు మెక్‌లౌడ్లు. “మీ చుట్టాల మధ్య నేనెందుకండీ?” అంటే, “నాకూ వాళ్ళెవరూ తెలీదు, తోడు రా” అంది.

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు... ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మగవాళ్ళంతా గళ్ళ కిల్టులు. “మెక్‌లౌడ్ గారూ” అంటే గది గదంతా వెనక్కి తిరుగుతుంది! కోటలో చిరుగులుపడిన పాత పట్టుగుడ్డ ఒకటి అద్దాల చట్రంలో ఉంది. దేవకన్య ఇచ్చిన జెండా అనీ, ఆపద వచ్చినప్పుడు విప్పితే వంశాన్ని కాపాడుతుందనీ నమ్మకం. ఒక ఎద్దు కొమ్ము కూడా ఉంది. గద్దెనెక్కే వారసుడు దాన్నిండా వైను పోయించుకుని ఒక్క గుక్కలో తాగాలట. మరి ఆడపిల్ల వారసురాలైతేనో అని నవ్వుకున్నాం. తీరా చూస్తే నిజంగానే అయింది.

ఆవిడ డేమ్ ఫ్లోరా. 1878లో పుట్టింది. 1935లో తండ్రి పోయాక 28వ నాయకురాలైంది. అప్పటికే అమ్మమ్మ వయసు. ఆ వయసులో ఓడలూ విమానాలూ ఎక్కి దేశదేశాల మెక్‌లౌడ్లని వెతుక్కుంటూ వెళ్ళి సంఘాలు పెట్టించింది. మొదటి పార్లమెంటు 1956లో ఆవిడ హయాంలోనే జరిగింది. 98 ఏళ్ళు బతికింది.

ఇంత దూరాలకి వీళ్ళెందుకు చెదిరిపోయారంటే, ఆ కథ అంత ముచ్చటైనదేం కాదు. 1739లో స్కై, హారిస్ దీవుల మనుషుల్ని బలవంతాన ఓడెక్కించి అమెరికాలో కూలీలుగా అమ్మబోయారు. అందులో మెక్‌లౌడ్ దొర చెయ్యి కూడా ఉందంటారు. 1746లో కలోడెన్ యుద్ధం ఓడాక నాయకుల పెత్తనం పోయింది. ‘పిల్లలు’ కాస్తా కౌలుదార్లయ్యారు. మనుషులకంటే గొర్రెలే లాభమని ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు. అందరూ అలాంటివారు కాదులెండి. 1840లలో బంగాళాదుంప పంట కుళ్ళి కరువొస్తే, 25వ నాయకుడు జనానికి తిండి పెట్టి తను అప్పులపాలై లండన్‌లో గుమాస్తాగిరీ చేశాడు.

మా ఆవిడ వచ్చింది కోట చూడ్డానికి కాదు. ఆ రోజుల్లో పెళ్ళి కాకముందే ఓడెక్కిన తన ముత్తవ్వ కోసం. ఏ ఊరో తెలీదు, తల్లి ఎవరో తెలీదు. చేతిలో ఒక పాత ఉత్తరం, అందులో స్కైలోనే ఉండిపోయిన చెల్లెలి పేరు, అంతే. వంశవృక్షాలు చూసిపెట్టే పెద్దాయన ఆ ఉత్తరం చదివి, “వెళ్ళిపోయినావిడని వదిలేసి ఉండిపోయినావిడని పట్టుకోండి” అన్నాడు.

ఎందుకంటే 1855 జనవరి 1 నుంచి స్కాట్లండులో చావుపుట్టుకలు రాయించడం తప్పనిసరి. అక్కడి మరణ రికార్డులో తండ్రి పేరుతోపాటు తల్లి పేరు, ఆ తల్లి పుట్టింటి పేరు కూడా రాయాలి. పెళ్ళయిన ఆడమనిషి పోతే సూచీలో రెండు ఇంటిపేర్ల కిందా దొరుకుతుంది. సమాధి రాళ్ళమీద కూడా ‘ఫలానా ఆయన భార్య’ అని చెప్పి పుట్టింటి పేరే చెక్కడం వాళ్ళ ఆచారం. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

గంటసేపు కంప్యూటరు ముందు కూర్చున్నాక చెల్లెలు దొరికింది. వాటర్నిష్ వైపు ఒక పల్లె. రాయించినవాడు కొడుకు. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టాడు. తల్లి గడిలో పేరు, పక్కనే పుట్టింటి పేరు. మా ఆవిడ ఆ అక్షరాలమీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. పెద్దాయన మాత్రం, “మెక్‌లౌడ్లన్నంత మాత్రాన మీరు లియోడ్ రక్తమే కానక్కర్లేదు, దొర నీడన బతికినవాళ్ళు కూడా ఆ పేరు పెట్టుకునేవారు” అని చెప్పేశాడు. “లియోడ్ ఎవరికి కావాలి, నాకు మా అవ్వ దొరికింది” అందావిడ.

మర్నాడు ఆ పల్లెకి వెళ్ళాం. మోకాలెత్తు రాతిగోడలు, ఫెర్న్ పొదలు, మేస్తున్న గొర్రెలు.

మన ఇళ్ళల్లో తద్దినం పెట్టేటప్పుడు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు చెబుతారు. మగవాళ్ళతో సమానంగా మూడు తరాలు! అయితే గోత్రం మాత్రం అత్తవారిదే. వాళ్ళు ఏ ఇంటి ఆడపడుచులో ఆ మంత్రంలో ఉండదు. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి, అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరేమిటని అడిగాను.

“ఇప్పుడదంతా ఎందుకే? ఆవిడని అందరూ కోడూరమ్మ అనేవారు. కోడూరు పిల్ల కదా.”

“ఊరు కాదమ్మా, ఇంటిపేరు.”

కాసేపు మాట్లాడలేదు. తరవాత, “మామయ్యకి గుర్తుందేమో... పొద్దున్నే అడుగుతానుండు” అంది.