రిపోర్ట్‌లో ఐఇఫ్‌ల గొలుసు వద్దు, ఒక ఫంక్షన్ రాసుకుందాం

ఈ ఎపిసోడ్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ రిపోర్ట్‌లో పొడుగాటి కండిషన్లను ఒక కస్టమ్ ఫంక్షన్‌లోకి ఎలా మార్చాలో చూద్దాం. ఫోన్‌లో చూస్తున్నవాళ్లు, యాక్సెస్ లేనివాళ్లు వెళ్లిపోకండి. ఇదే తప్పు గూగుల్ షీట్స్‌లో కూడా జరుగుతుంది. చివర్లో అది కూడా చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఒక జూనియర్ కాలేజీకి ఇంటర్నల్ పరీక్షల రిపోర్ట్ చేసిచ్చాను. ఆరు పేపర్లు, ఒక్కో పేపర్‌కి వంద మార్కులు, పాస్ మార్కు 35. గ్రేడ్‌లు మన ఇంటర్ బోర్డు పద్ధతిలోనే ఇచ్చాం. 75 శాతం, ఆపైన ఏ. 60 నుంచి బీ. 50 నుంచి సీ. 35 నుంచి డీ. ఒక్క పేపర్ పోయినా ఫెయిల్. రిపోర్ట్ బాగానే వచ్చింది, ప్రింట్ తీశారు, అదే రిజల్ట్‌ని తల్లిదండ్రులకి మెసేజ్‌లుగా పంపించారు.

మర్నాడు పొద్దున్నే ఒక నాన్నగారు కాలేజీకి వచ్చారు. వాళ్లమ్మాయికి ఫెయిల్ అని మెసేజ్ వచ్చిందట. ఆ అమ్మాయి రాత్రంతా ఏడ్చిందట, అన్నం కూడా తినలేదట. తీరా చూస్తే ఆ అమ్మాయి ఏ పేపర్‌లోనూ ఫెయిల్ అవ్వలేదు. ఫిజిక్స్ పేపర్ రీచెక్‌కి వెళ్లింది కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేశారు. అంతే. ఖాళీ గడిని నా రిపోర్ట్ ఫెయిల్ అని చదివింది.

మార్కులు వేసిన సార్ తప్పు కాదు, టైప్ చేసినవాళ్ల తప్పూ కాదు. తప్పు నా ఫార్ములాలో ఉంది. అదేంటో చూద్దాం.

పాత ఫార్ములా ఎలా ఉండేదంటే

యాక్సెస్‌లో ఐఇఫ్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఇంగ్లీష్‌లో ఐ అక్షరం రెండుసార్లు రాసి పక్కన ఎఫ్ రాస్తాం. దానికి మూడు భాగాలు: కండిషన్, నిజమైతే ఏం చూపించాలి, కాకపోతే ఏం చూపించాలి. ఒకటి వాడితే హాయిగా ఉంటుంది. సమస్య ఎక్కడంటే, "కాకపోతే" అన్నచోట ఇంకో ఐఇఫ్ పెడతాం, దాని లోపల ఇంకోటి, దాని లోపల ఇంకోటి.

నాది ఇలా ఉండేది. ఆబ్సెంట్ అయితే ఏబీ, కాకపోతే 75 దాటి ఫెయిల్ పేపర్లు సున్నా అయితే ఏ, కాకపోతే 60 దాటి ఫెయిల్ పేపర్లు సున్నా అయితే బీ... ఇలా డీ దాకా వెళ్లి, ఇవేవీ కాకపోతే ఫెయిల్. మొత్తం ఐదు ఐఇఫ్‌లు, చివర్లో వరసగా ఐదు బ్రాకెట్లు. ఒక్క బ్రాకెట్ తక్కువైనా ఎర్రర్. పైగా క్వెరీ డిజైన్ గ్రిడ్‌లో ఒక గడిలో 1,024 క్యారెక్టర్ల కన్నా ఎక్కువ పట్టవు. అంటే ఈ గొలుసుని ఎంత దూరమైనా లాగొచ్చు అనుకుంటే అదీ కుదరదు.

అసలు గొడవ పొడుగు గురించి కాదు. ఆ అమ్మాయి విషయంలో ఏం జరిగిందో స్టెప్ బై స్టెప్ చూడండి.

ఖాళీ గడిని డేటాబేస్‌లో నల్ అంటారు. నల్ అంటే సున్నా కాదు, "తెలియదు" అని అర్థం. ఐదు పేపర్ల మార్కులకి ఒక తెలియని మార్కు కలిపితే టోటల్ ఎంత? తెలియదు. కాబట్టి ప్లస్ గుర్తుతో కూడితే టోటల్ కూడా నల్ అవుతుంది. టోటల్ నల్ అయితే శాతమూ నల్. ఇప్పుడు "నల్, 75 కన్నా ఎక్కువా?" అని అడిగితే సమాధానం అవును కాదు, కాదు కూడా కాదు, మళ్లీ నల్. ఐఇఫ్ మాత్రం ఆ నల్‌ని "కాదు" కిందే లెక్కేస్తుంది. 75 కాదు, 60 కాదు, 50 కాదు, 35 కాదు. అన్ని మెట్లూ జారి చివరి మెట్టు మీద పడింది. అక్కడ నేను రాసిన మాట ఫెయిల్.

అంటే నా ఫార్ములా "ఫెయిల్ అయినవాళ్లకి ఫెయిల్" అనలేదు. "నాకు అర్థం కాని వాళ్లందరికీ ఫెయిల్" అంది. తేడా తెలుస్తోంది కదా?

ఇప్పుడు ఫంక్షన్ రాద్దాం

కీబోర్డ్‌లో ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కితే కోడ్ రాసే విండో వస్తుంది. ఇన్సర్ట్ మెనూలో మాడ్యూల్ తీసుకోండి. రిపోర్ట్ వెనకాల ఉండే కోడ్‌లో రాస్తే ఆ ఫంక్షన్ క్వెరీలకి కనిపించదు. కాబట్టి స్టాండర్డ్ మాడ్యూల్‌లోనే రాయండి, ముందు పబ్లిక్ అని పెట్టండి. కోడ్ ఇంగ్లీష్‌లోనే టైప్ చేయాలి, నేను ఇక్కడ లైన్ లైన్‌గా చదివి చెప్తున్నాను.

మొదటి లైన్: పబ్లిక్ ఫంక్షన్ రిజల్ట్‌కోడ్. బ్రాకెట్లో మూడు ఇన్‌పుట్‌లు: శాతం, ఫెయిల్ పేపర్ల సంఖ్య, ఆబ్సెంట్. మూడిటికీ టైప్ వేరియంట్. తిరిగి ఇచ్చేది స్ట్రింగ్.

ఇక్కడ ఒక్క నిమిషం. వేరియంట్ ఎందుకు? మార్కులే కదా, ఇంటీజర్ అనో డబుల్ అనో పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ టైప్‌లు నల్‌ని తీసుకోవు. నల్ వచ్చిందంటే ఎర్రర్ నంబర్ 94 ఇస్తుంది, రిపోర్ట్‌లో ఆ చోట హ్యాష్ ఎర్రర్ అని పడుతుంది. నల్‌ని లోపలికి రానిచ్చి, మనమే పట్టుకోవాలంటే వేరియంట్ ఉండాలి.

ఇక లోపలి ప్రశ్నలు, ఇదే వరసలో:

ఒకటి. ఇఫ్ ఆబ్సెంట్ అయితే, ఏబీ.

రెండు. ఎల్స్ఇఫ్, శాతం నల్ అయితే, పెండింగ్. దీనికి ఈజ్‌నల్ అనే ఫంక్షన్ వాడాలి. "శాతం ఈక్వల్స్ నల్" అని రాస్తే ఎప్పటికీ పని చెయ్యదు. తెలియనిదానితో తెలియనిదాన్ని పోలిస్తే వచ్చేది కూడా తెలియనిదే.

మూడు. ఎల్స్ఇఫ్, ఫెయిల్ పేపర్లు సున్నా కన్నా ఎక్కువైతే, ఫెయిల్.

నాలుగు. ఎల్స్, ఇక్కడ సెలెక్ట్ కేస్ మొదలుపెట్టాలి. కేస్ 75 లేదా ఎక్కువ, ఏ. కేస్ 60 లేదా ఎక్కువ, బీ. కేస్ 50 లేదా ఎక్కువ, సీ. కేస్ 35 లేదా ఎక్కువ, డీ. ఆఖర్న కేస్ ఎల్స్, "చెక్". ఎండ్ సెలెక్ట్, ఎండ్ ఇఫ్, ఎండ్ ఫంక్షన్.

అంతే. ఒక్కో రూల్ ఒక్కో లైన్‌లో ఉంది. కోడింగ్ రాని ప్రిన్సిపాల్ గారికి చూపించినా వేలు పెట్టి చదివేస్తారు.

ఈ కోడ్‌లో మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, వరస. పరీక్షకి రాని స్టూడెంట్‌కి మార్కులు కూడా ఉండవు కదా. నల్ ప్రశ్న ముందు అడిగితే వాళ్లు కూడా పెండింగ్‌లోకి పోతారు. అందుకే ఆబ్సెంట్ ముందు. ప్రశ్నల వరస మారితే జవాబు మారిపోతుంది.

రెండోది, సెలెక్ట్ కేస్‌లో "60 టు 74", "75 టు 100" అని కూడా రాయొచ్చు. చూడ్డానికి బావుంటుంది, కానీ శాతం 74.6 వచ్చిందనుకోండి? 74 దాటింది, 75కి చేరలేదు. రెండు కేసుల మధ్య సందులో పడిపోతుంది. అందుకే పై నుంచి కిందికి "లేదా ఎక్కువ" అని రాసుకుంటే సందులు ఉండవు. సెలెక్ట్ కేస్ మొదట కలిసిన చోటే ఆగిపోతుంది కాబట్టి 80 వచ్చినవాళ్లు బీలోకి జారరు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆఖరి ఎల్స్‌లో తీర్పు పెట్టకండి. ఫెయిల్, రిజెక్ట్, అనర్హులు లాంటి మాటలు అక్కడ ఉండకూడదు. ఎవరికైనా చెడ్డ మాట చెప్పాలంటే దానికి సొంత కండిషన్ ఉండాలి. ఎల్స్ అంటే "నేను ఊహించనిది వచ్చింది, ఎవరైనా చూడండి" అని అలారం, అంతే.

రిపోర్ట్‌లో పెట్టే ముందు టెస్ట్

కోడ్ విండోలో కంట్రోల్, జీ నొక్కితే కింద ఇమ్మీడియట్ విండో తెరుచుకుంటుంది. అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి, ఫంక్షన్ పేరు, బ్రాకెట్లో విలువలు ఇచ్చి ఎంటర్ కొట్టండి. 74.6, సున్నా, ఫాల్స్ ఇస్తే బీ రావాలి. 82, ఒకటి, ఫాల్స్ ఇస్తే ఫెయిల్ రావాలి. నల్, సున్నా, ఫాల్స్ ఇస్తే పెండింగ్. నల్, నల్, ట్రూ ఇస్తే ఏబీ. ఈ నాలుగు లైన్ల టెస్ట్ ఆ రోజు నేను చేసుంటే ఆ నాన్నగారు కాలేజీకి రావాల్సిన పనే ఉండేది కాదు. ఐఇఫ్ గొలుసుని ఇలా విడిగా టెస్ట్ చేయడం చాలా కష్టం. ఫంక్షన్‌తో వచ్చే పెద్ద లాభం ఇదే.

ఇప్పుడు రిపోర్ట్‌లో టెక్స్ట్ బాక్స్ తీసుకుని, కంట్రోల్ సోర్స్‌లో ఈక్వల్స్ గుర్తు, ఫంక్షన్ పేరు, బ్రాకెట్లో మూడు ఫీల్డ్‌ల పేర్లు. అయిపోయింది.

హ్యాష్ ఎర్రర్ వస్తే ముందు టెక్స్ట్ బాక్స్ పేరు చూడండి. బాక్స్ పేరు, లోపల వాడిన ఫీల్డ్ పేరు ఒకటే అయితే బాక్స్ తనని తానే అడుగుతూ తిరుగుతుంది. పేరు మార్చండి. ఫంక్షన్ దొరకలేదు అని మెసేజ్ వస్తే మాడ్యూల్ పేరు చూడండి. మాడ్యూల్‌కి, ఫంక్షన్‌కి ఒకే పేరు పెట్టకూడదు. ఇంకో సంగతి, ఈ కోడ్ విండోలో తెలుగు అక్షరాలు పేస్ట్ చేస్తే ప్రశ్న గుర్తులైపోతాయి. రిపోర్ట్‌లో "ఉత్తీర్ణత" అని తెలుగులో రావాలంటే కోడ్, తెలుగు మాట జతగా ఒక చిన్న టేబుల్‌లో పెట్టుకుని కలుపుకోండి.

ఫంక్షన్ అన్నిటికీ మందు కాదు

గ్రేడ్ హద్దులు ప్రతి ఏడాదీ మారతాయనుకోండి, వాటిని కోడ్‌లో పెట్టకండి. టేబుల్‌లో పెట్టండి, ఆఫీసులో వాళ్లే మార్చుకుంటారు. అంకెలు టేబుల్‌లో, ఆలోచన ఫంక్షన్‌లో, ఇది మంచి పద్ధతి. ఇంకా, క్వెరీలో వాడితే ఫంక్షన్ ప్రతి వరసకీ విడిగా నడుస్తుంది. కొన్ని వందల మందికి ఏం కాదు, కానీ లక్షల రికార్డుల్లో దీనితో ఫిల్టర్ చేస్తే నెమ్మదిస్తుంది. ఎక్సెల్ లాంటి బయటి ప్రోగ్రామ్ నుంచి ఆ క్వెరీని పిలిస్తే మీ ఫంక్షన్ దానికి తెలియదు, ఎర్రర్ వస్తుంది. ఫైల్ ఇంకొకరికి పంపినప్పుడు వాళ్ల సిస్టమ్‌లో మాక్రోలు ఆపేసి ఉంటే కూడా పని చెయ్యదు.

ఇక ఫోన్‌లో గూగుల్ షీట్స్ వాడేవాళ్లకి. అక్కడ ఖాళీ గడిని 35తో పోలిస్తే దాన్ని సున్నాగా తీసుకుంటుంది, అంటే మళ్లీ ఫెయిలే. కాబట్టి మొదట ఈజ్‌బ్లాంక్ అడగండి, తర్వాతే మార్కులు. ఇఫ్ లోపల ఇఫ్ బదులు ఇఫ్స్ వాడితే కండిషన్, జవాబు జతలుగా వరసలో రాసుకోవచ్చు. కంప్యూటర్‌లో తెరిస్తే డేటా మెనూలో నేమ్డ్ ఫంక్షన్స్ ఉంటుంది, సొంత పేరుతో ఫంక్షన్ చేసుకోవచ్చు.

చివరిగా ఒక మాట. ఫంక్షన్ రాసేటప్పుడు నాకో డౌట్ వచ్చింది. ఒక పేపర్ పెండింగ్‌లో ఉంది, ఇంకో పేపర్‌లో అప్పటికే ఫెయిల్ అయ్యారు. మరి రిజల్ట్ పెండింగా, ఫెయిలా? మన కోడ్ పెండింగ్ అంటుంది. కానీ అది నేను తేల్చాల్సిన విషయం కాదు, కాలేజీ తేల్చాలి. అందుకే వెళ్లి అడిగాను. పాత ఫార్ములాలో ఈ ప్రశ్న ఉందనే నాకు తెలియలేదు, ఐదు బ్రాకెట్ల వెనకాల దాక్కుంది. రూల్‌ని లైన్ లైన్‌గా రాస్తేనే ఇంకా ఎవరూ తేల్చని రూల్ ఎక్కడుందో కనిపిస్తుంది.

మీ దగ్గర ఇలాంటి రిపోర్ట్ ఉంటే ఈరోజే ఒక గడి ఖాళీ చేసి చూడండి. ఏం మాట వస్తుందో చూడండి. ఆ మాట ఒక ఇంటికి మెసేజ్‌గా వెళ్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.